‘మంకీరెంచర్’కు కోతితో సంబంధం ఉందా?

సందేహం: అమెరికా అడవుల ఉద్యమాల మీద వచ్చిన ఒక వ్యాసంలో ‘మంకీరెంచర్’ అన్న మాట చూశాను. కోతికీ దానికీ సంబంధం ఏమిటి? తెలుగులో ‘పర్యావరణ విధ్వంసకుడు’ అనవచ్చునా?

సమాధానం: కోతి జోలికి వెళ్లనక్కర్లేదు. మంకీ రెంచి ఒక పనిముట్టు, మన మెకానిక్కులు పానా అనే జాతిలోది. ఒక దవడ కదలదు. మర తిప్పితే రెండోది జరిగి నట్టును పట్టుకుంటుంది. 1858 ప్రాంతంలో మాంకీ అనే ఆయన దీన్ని కనిపెట్టాడనీ, ఆయన పేరే దీనికి వచ్చిందనీ ఒక కథ ఉంది. నమ్మకండి. అంతకు చాలా ముందే ఆ పేరు అచ్చులో ఉంది.

తిరిగే పళ్లచక్రాల మధ్య ఇలాంటి ఇనుప వస్తువు పడితే యంత్రం బిగుసుకుపోతుంది. అందుకే 20వ శతాబ్దం తొలినాళ్లకే అమెరికన్లు, సాగుతున్న పనిని చెడగొడితే ‘యంత్రంలోకి మంకీ రెంచి విసిరాడు’ అనసాగారు. మనం ‘అడ్డుపుల్ల వేశాడు’, ‘మోకాలడ్డాడు’ అంటాం. 1975లో ఎడ్వర్డ్ ఆబీ నవల ‘ది మంకీ రెంచ్ గ్యాంగ్’ వచ్చింది. అందులో నలుగురు కలిసి అమెరికా నైరుతి ఎడారుల్లో బుల్డోజర్లను పాడుచేస్తారు. గ్లెన్ కాన్యన్ ఆనకట్టను కూల్చాలని కలగంటారు. ప్రకృతి కోసం యంత్రాలను చెడగొట్టడానికి ‘మంకీరెంచింగ్’ అన్న పేరు స్థిరపడింది ఆ నవల వల్లనే. అలా చేసేవాడే ‘మంకీరెంచర్’. ఇదే అర్థంలో వాడే ‘ఎకోటాజ్’ అన్న మాట దానికన్నా కాస్త పాతది. ‘ఎకో’ (పర్యావరణ), ‘సబొటాజ్’ (కావాలని పని చెడగొట్టడం) కలిపి 1970ల మొదట్లో కట్టారు. ఫ్రెంచి కార్మికులు ‘సాబో’ అనే కొయ్యజోళ్లను యంత్రాల్లోకి విసిరితే సబొటాజ్ పుట్టిందన్నదీ పుక్కిటి పురాణమే. కొయ్యజోళ్లతో టకటకలాడుతూ నడవడం, ఆపైన పనిని అడ్డదిడ్డంగా చేయడం – ఆ ఫ్రెంచి క్రియకు అర్థం సాగిన దారి ఇది.

ఇక ‘పర్యావరణ విధ్వంసకుడు’. ఇది వద్దే వద్దు, అర్థం తలకిందులవుతుంది. ‘పూజాద్రవ్యం’లా దీన్ని చతుర్థీ తత్పురుషంగా, అంటే ‘పర్యావరణం కోసం విధ్వంసం చేసేవాడు’ అని మీరు విడదీసినా, చదివేవాడు షష్ఠిగానే, అంటే ‘పర్యావరణం యొక్క విధ్వంసకుడు’ అనే తీసుకుంటాడు. కొండలు తవ్వినా, చెరువులు పూడ్చినా ‘పర్యావరణ విధ్వంసం’ అని రోజూ పత్రికల్లో చదువుతున్నాడు కదా! కొండను కాపాడబోయినవాడికి కొండను తవ్వినవాడి పేరు పెట్టినట్టవుతుంది. ‘పర్యావరణ విద్రోహి’ అన్నా ఇదే చిక్కు. మొదటిసారి ‘ప్రకృతిని కాపాడాలంటూ యంత్రాలను చెడగొట్టేవారు’ అని విడమరిచి రాయండి. తర్వాత ‘మంకీరెంచర్లు’ అనే వాడండి. ‘పర్యావరణ ఉగ్రవాది’ అని మాత్రం మీ అంతట మీరు రాయకండి. ఉగ్రవాది అనగానే మన పాఠకుడికి ప్రాణాలు తీసేవాడే గుర్తొస్తాడు. ఇక్కడ దెబ్బ తగిలింది యంత్రానికి.