వగరు ఆకు, నట్టలు, మేక కంటిరెప్ప

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. పదకొండు మేకలు కొన్నావని సంతోషించేలోపే, "మామయ్యా, ఇక కడుపులో పురుగులకిచ్చే నట్టల మందు మానేస్తున్నా, తుమ్మాకు వేస్తే చాలట" అన్న మాట దగ్గర నాకు టెన్షన్ పట్టుకుంది. ఆకు మంచిదే, నేనూ వేస్తాను. కానీ దాన్ని మందు అనుకుని వేసినందుకే ఒక ఏడాది రెండు మేకల్ని పోగొట్టుకున్నాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మేక ప్రాణం తీసే నట్టల్లో ముందు చెప్పుకోవాల్సింది హీమాంకస్ అనే పురుగు. అది ఉండేది నాలుగో పొట్టలో. గోడని పట్టుకుని రక్తం తాగుతుంది. ఒక్క ఆడ పురుగు రోజుకి 5,000 దాకా గుడ్లు పెట్టగలదు. అవి పెంటికల్లో బయటపడతాయి. వెచ్చదనం, తేమ ఉంటే వారం పది రోజుల్లో పిల్లపురుగులై తడి గడ్డి మీదకి పాకుతాయి. ఆ గడ్డి మేక కడుపులోకి వెళ్ళిన మూడు వారాలకి మళ్ళీ గుడ్లు మొదలు. పారుకుంటేనే నట్టలు అనుకోకు. ఈ పురుగు ఉన్నప్పుడు చాలాసార్లు పెంటికలు గట్టిగానే పడతాయి. మేక మాత్రం పాలిపోతుంది, మందలో వెనకబడుతుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. ఆ సంచి కనబడిందంటే మనం అప్పటికే ఆలస్యం చేసినట్టు.

ఇక ఆకు సంగతి. చేదుగా ఉన్న ప్రతి ఆకూ నట్టల్ని చంపుతుందని చాలామంది నమ్మకం. చేదు వేరు, వగరు వేరు. మనకి కావాల్సింది వగరు, అంటే నమిలితే నాలుక ముడుచుకుపోయినట్టు చేసే టానిన్. పచ్చి తుమ్మకాయని ఇనప కత్తితో కోస్తే అంచు నల్లబడుతుంది చూశావా, అది టానిన్ పనే. అయితే కరక్కాయ కోసినా కత్తి నల్లబడుతుంది. టానిన్‌లో రెండు జాతులున్నాయి. నట్టల విషయంలో ఎక్కువగా పరిశీలించింది, నమ్మకం కలిగించింది కండెన్స్‌డ్ టానిన్. రెండోది కడుపులో విడిపోయే రకం. అది ఎక్కువైతే కాలేయానికీ మూత్రపిండాలకీ హాని. ఓక్ చెట్టు లేత ఆకులూ కాయలూ విపరీతంగా తిని పశువులు చచ్చేది ఇందుకే. కత్తి నల్లబడటం టానిన్ ఉందని చెబుతుందే కానీ ఏ రకమో చెప్పదు. కాబట్టి కొత్త చెట్టు ఏదైనా సరే, పశువైద్యుణ్ణి అడక్కుండా మందకి పెట్టకు.

టానిన్‌కి ప్రొటీన్‌ని పట్టుకునే గుణం ఉంది. పిల్లపురుగు మేక కడుపులో స్థిరపడాలంటే ముందు తన పైపొర విడవాలి. టానిన్ ఆ పొర విడవనివ్వకుండా అడ్డం పడుతుంది. ముదిరిన పురుగులు గుడ్లు తక్కువ పెడతాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం టానిన్‌ని కట్టేస్తుంది. దాన్ని మేతలో కలిపి చూసినప్పుడు ఆకు ప్రభావం తగ్గిపోయింది, పని చేస్తున్నది టానినే అని అలా తేలింది. ఇంకో లాభం కూడా ఉంది. మొదటి పొట్టలో టానిన్ పట్టుకున్న ప్రొటీన్, నాలుగో పొట్టలోని పులుపుకి విడిపోయి పేగుల్లో ఒంటబడుతుంది. రక్తం పోతున్న మేకకి అది బలం.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటు. లెస్పడీజా అనే వగరు పశుగ్రాసం ఉంది, దాన్ని ఎండబెట్టి మేకలకి పెట్టి పరీక్షలు చేశారు. తింటున్నంతకాలం పెంటికల్లో గుడ్లు బాగా తగ్గాయి, ఆపగానే మళ్ళీ పెరిగాయి. అంటే పురుగుల్లో చాలా మటుకు చావలేదు, గుడ్లు పెట్టడం తగ్గించాయంతే. ఆ సంగతి నాకు అప్పట్లో తెలీదు. దవడ వాచిన మేకలకి తుమ్మ రెమ్మలు వేసి, నాలుగు రోజుల్లో కోలుకుంటాయని కూర్చున్నాను. మూడో రోజు ఒకటి పోయింది, అయిదో రోజు ఇంకొకటి. పాలిపోయిన మేకకి కావాల్సింది పనిచేసే మందు, అదీ ఆ రోజే. గుడ్లు తగ్గితే వచ్చే నెల పచ్చిక శుభ్రపడుతుంది, ఈ రోజు కారుతున్న రక్తం ఆగదు.

ఎంత వేయాలని అడిగావు. కిలోల లెక్క చెప్పలేను. చెట్టుని బట్టి, ఆకు ముదురుని బట్టి, కాలాన్ని బట్టి టానిన్ మారుతుంది. మొత్తం మేతలో కండెన్స్‌డ్ టానిన్ రెండు నుంచి నాలుగు శాతం ఉంటే మేలు అంటారు. అయిదారు దాటితే మేత తినడం తగ్గుతుంది, అరుగుదల పడిపోతుంది. నేను చేసేది ఇది. మొదటి వారం మేకకి ఒకటి రెండు రెమ్మలు, తర్వాత మెల్లగా పెంచి, రోజు మేతలో పావు వంతు దగ్గర ఆపేస్తాను. మిగతాది మామూలు మేత. మేక మూతి తిప్పుకున్నా, పెంటికలు మరీ రాళ్ళలా పడుతున్నా, పాలు తగ్గినా వెనక్కి తగ్గిస్తాను. ఎండాకు కూడా పనికొస్తుంది, నీడలో ఆరబెట్టి బూజు పట్టకుండా దాచుకో. ఆకుని మరగబెట్టి కషాయం మాత్రం గొంతులో పొయ్యకు. చిక్కటి టానిన్ పేగు పొరని దెబ్బతీస్తుంది.

మేతకి వాడే సుబాబుల్ చెట్టు ఆకుకి ఇంకో చిక్కుంది. అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. అదే పనిగా మేపితే వెంట్రుకలు ఊడతాయి, గొంతు గ్రంథి ఉబ్బుతుంది. దాన్ని ఎప్పుడూ ఒంటి మేతగా పెట్టకు.

నన్నడిగితే ఆకు మేత వల్ల వచ్చే ఫలితంలో సగం టానిన్‌ది కానే కాదు, ఎత్తుది. పిల్లపురుగులు ఎక్కువగా నేలకి రెండు మూడు అంగుళాల లోపే ఉంటాయి. మేక తల పైకెత్తి రెమ్మ తింటున్నంతసేపూ వాటి జోలికి పోదు. రొట్ట కొట్టి నేల మీద పడేశావంటే, ఆ పెంటికల మీదే తిని ఆ లాభం మొత్తం పోగొట్టుకుంటుంది. కట్ట కట్టి దాని మెడ ఎత్తున వేలాడదియ్యి. పచ్చికని చీపురు పెట్టి ఊడ్చినట్టు మొదలంటా మేపకు.

మందు మానేస్తానన్నావు కదా, నేను చేసిన తప్పు దానికి ఎదురు తప్పు. నెలనెలా మంద మొత్తానికి, బరువు చూడకుండా కంటి అంచనాతో తాగించేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ మందు నీళ్ళతో సమానమైంది. తక్కువ మోతాదులో బతికి బట్టకట్టిన పురుగుల సంతానమే మిగిలింది మరి. గొర్రె మోతాదు మేకకి చాలా మందుల్లో సరిపోదు, మేక ఒంట్లోంచి మందు తొందరగా పోతుంది. అలాగని నువ్వే రెట్టింపు చెయ్యకు, లెవమిసోల్ లాంటి నట్టల మందులు కొంచెం ఎక్కువైనా ప్రమాదం. తూకం వేసి, డాక్టరు చెప్పినంతే ఇవ్వు.

ఎవరికి ఇవ్వాలో కంటిరెప్ప చెబుతుంది. కింది రెప్ప లోపలి రంగుని ఒకటి నుంచి అయిదు దాకా పోల్చుకునే ఫమాచా కార్డు దక్షిణాఫ్రికాలో తయారైంది. ఎర్రగా ఉంటే ఒకటి, కాగితంలా తెల్లగా ఉంటే అయిదు. నాలుగు, అయిదు వస్తే వెంటనే మందు. మూడు వస్తే పిల్లకీ పాలిచ్చే తల్లికీ ఇస్తాను, బలంగా ఉన్నదాన్ని గమనిస్తూ ఉంటాను. తేమ రోజుల్లో రెండు వారాలకోసారి చూడు. మందలో కొద్ది మేకలే ఎక్కువ గుడ్లు చల్లుతాయి. పదేపదే తెల్లబడే మేకని రాసి పెట్టుకో, దాని పిల్లల్ని పెంపకానికి ఉంచుకోకు.

ఆకు పనిచేస్తోందా లేదా అన్నది పెంటికల పరీక్షలో చూడు, నా మాట నమ్మకు. మొదలుపెట్టే ముందు ఒకసారి, నాలుగు వారాలకి ఇంకోసారి, అవే మేకలవి తీసుకెళ్ళి గ్రాముకి ఎన్ని గుడ్లో లెక్కపెట్టించు. మందుకైతే తాగించిన రోజొకటి, రెండు వారాలకొకటి.

నల్లమేక ఈ నెలలోనే ఈనబోతోంది అన్నావు. ఈనే ముందూ వెనకా తల్లుల్లో నట్టలు విజృంభిస్తాయి, ముందు దాని సంగతి చూడు. పగటి వెలుతురులో రెప్ప తిప్పి, ఏ రంగు ఉందో నాకు రాయి. తెల్లగా ఉంటే నా జవాబు కోసం ఆగకు.

మీ మామయ్య