అలారం ఆఫ్ అయిందంటే లోపలికి వెళ్ళకు

చిన్నోడా,

వీసా వచ్చిందని అన్నయ్య ఫోన్ చేశాడు, సంతోషం రా. స్వెట్టర్లు, పచ్చళ్ళ సంగతి మీ పిన్ని చూసుకుంటుంది, నేను ఇంగ్లీషు గురించి చెప్తా. నీకు వచ్చులే, నాకూ వచ్చనుకునే దిగా ఇక్కడ.

మాంచెస్టర్‌లో మొదటి నెల, పాలు కొనుక్కుని వచ్చేసరికి బిల్డింగ్ జనమంతా చలికి వణుకుతూ రోడ్డు మీదున్నారు, ఏమైందంటే పక్క ఫ్లాట్ ఆవిడ "ఫైర్ అలారం వెంట్ ఆఫ్" అంది, హమ్మయ్య ఆగిపోయిందా అని నేను మెట్లెక్కబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. లైట్ వెంట్ ఆఫ్ అంటే ఆరింది, అలారం అయితే మోగింది, బాంబు అయితే పేలింది, చేతిలో పాలయితే పాడయ్యాయి. ఒక్క ఆఫ్ కి ఇన్ని వేషాలు! ఫారం ఫిల్ ఇన్ చేసినా ఫిల్ అవుట్ చేసినా మాత్రం ఒకటేనట.

అందుకే మాటకి మాట అర్థం వెతక్కు. విన్న వాక్యం మొత్తం, ఎవరు ఏ సందర్భంలో అన్నారో ఫోన్‌లో రాసి పెట్టుకో, నేను అలాగే నేర్చుకున్నా. స్కూల్లో బట్టీ పట్టిన కుక్కలూ పిల్లుల వాన ఇక్కడ నాకు పెద్దగా వినపడలేదు, బకెటింగ్ డౌన్ అంటారు, మనకి కుండపోత, వీళ్ళకి బకెట్ పోత అంతే తేడా. నాట్ బ్యాడ్ అన్నారని డీలా పడకు, చాలాసార్లు అది మెచ్చుకోలే.

ఇంకోటి, మీటింగ్‌లో "లెట్స్ టేబుల్ ఇట్" అంటే ఇక్కడ ఇప్పుడే మాట్లాడదామని, అమెరికా వాళ్ళంటే తర్వాత చూద్దామని. మీ టీమ్‌లో రెండు రకాలూ ఉంటారు కాబట్టి ఇప్పుడా తర్వాతా అని అడిగెయ్, సిగ్గేం లేదు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ మాట దగ్గరే బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు వాదించుకున్నారని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిలే రాసుకున్నాడు.

వీళ్ళకి లాజిక్ లేదని నవ్వుకునేవాణ్ణి నేను కూడా. ఓసారి మా అబ్బాయి, ఇక్కడే పుట్టినోడు కదా, వాళ్ళమ్మ బియ్యం నిండుకున్నాయి అంటే డబ్బా మూత తీసి చూసి "ఖాళీగా ఉందిగా అమ్మా" అన్నాడు. వాడికేం చెప్పాలో నాకు తోచలేదు.

ఉంటా మరి, టికెట్ బుక్ అవగానే టైం పంపు, ఎయిర్‌పోర్ట్‌కి వస్తా.

మీ బాబాయ్