జనగణమనప్పుడు నల్ల రిబ్బన్ కట్టుకున్న మా చెల్లె మీద కేసు పడ్తదా?

ప్రశ్న: వకీల్ సాబ్ నమస్తే. మాది హన్మకొండ పక్కన ఊరు. మా చెల్లెకు 19 ఏండ్లు, డిగ్రీ సెకండియర్, కబడ్డీ ఆడ్తది. పోయిన నెల ఒక మీట్‌ల ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే రూం లేదు, బాత్రూంకు తలుపు లేదు, మూడు రోజులు అడిగినా ఎవ్వరు పట్టించుకోలే. ఆఖరి రోజు ప్రైజులిచ్చి జనగణమన పెట్టిన్రు. అప్పుడు మా చెల్లె, ఇంకో ముగ్గురు పిల్లలు చేతికి నల్ల రిబ్బన్ కట్టుకొని తల దించుకొని నిలబడ్డరు, పాడలే. కెప్టెన్ పిల్ల మాత్రం అమెరికా ప్లేయర్ల వీడియో చూసిందట, మోకాలి మీద కూసున్నది. ఆ వీడియో వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతున్నది, దేశద్రోహులు అంటున్నరు. ఒకాయన ఠాణాల దరఖాస్తు ఇచ్చిండు. 3 ఏండ్లు బ్యాన్ ఎందుకు ఎయ్యొద్దో 7 రోజుల్ల చెప్పుమని అసోసియేషన్ నోటీస్ పంపింది. చెల్లె మీద కేసు పడ్తదా, స్పోర్ట్స్ కోటా నౌకరి పోతదా? మా నాయిన సక్కగ తింటలేడు.

జవాబు: తమ్మీ, ముందు మీ నాయినకు చెప్పు, నీ బిడ్డ చేసింది నేరం కాదు అని. ఇది నేను ధైర్యం కోసం చెప్పే మాట కాదు, సుప్రీంకోర్టు 1986లనే చెప్పిన మాట.

చట్టంల ఏమున్నదో చూద్దాం. జాతీయ గౌరవానికి అవమానం చేయకుండ ఆపే చట్టం 1971ల వచ్చింది, దాంట్ల జనగణమన గురించి ఉన్నది సెక్షన్ 3. ఆ సెక్షన్ నేరం అనేది రెండే పనులను. కావాలని ఇంకోళ్లను గీతం పాడకుండ ఆపుడు ఒకటి, పాడుతున్న జనం నడుమ గడబిడ చేసుడు ఇంకోటి. దీనికి 3 ఏండ్ల దాక జైలు, లేకుంటే జుర్మానా, లేకుంటే రెండూ. "పాడనోళ్లకు శిక్ష" అని ఆ చట్టంల యాడ లేదు, నేను ఎన్నోసార్లు చదివిన. మీ చెల్లె మైకు గుంజలే, అరవలే, పక్కోళ్లను పాడనియ్యకుండ చెయ్యలే, నల్ల రిబ్బన్ తోటి గమ్మున నిలబడ్డది. ఆపుడు లేదు, గడబిడ లేదు, ఇగ సెక్షన్ 3 ఎట్ల అంటుకుంటది చెప్పు.

ఇప్పుడు ఆ 1986 కేసు చెప్తా, ఇది మీ ఇంట్ల అందరు తెలుసుకోవాలె. కేరళల బిజో, బిను మోల్, బిందు అని ముగ్గురు అన్నాచెల్లెళ్లు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్లు. బళ్లె జనగణమన పాడేటప్పుడు మర్యాదగ లేచి నిలబడేటోళ్లు గని పాడకపోయేటోళ్లు, దేవునికి తప్ప ఇంకోదానికి ప్రార్థన పాట పాడొద్దని వాళ్ల నమ్మకం. ఏండ్ల తరబడి గట్లనే నడిసింది, ఎవ్వరికి ఇబ్బంది కాలే. ఒక ఎమ్మెల్యే చూసి అసెంబ్లీల లేపిండు, సర్కారు కమిషన్ ఏసింది, ఆ కమిషనే పిల్లలు మంచోళ్లు, గీతానికి అగౌరవం చెయ్యలే అని రాసింది, అయినా 1985 జులైల పైనుంచి ఆర్డర్ వచ్చి ముగ్గురిని బళ్లెకెళ్లి తీసేసిన్రు. హైకోర్టుల రెండుసార్లు ఓడిపోయిన్రు. సుప్రీంకోర్టుల జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు, మన తెలుగాయన, ఇంకో జడ్జి గారితోటి కలిసి విని పిల్లల్ని మళ్లా బళ్లె చేర్చుకోమన్నరు. నిలబడ్డంక పాడకపోవుడు అవమానం కాదు అన్నరు. మన సంప్రదాయం సహనం నేర్పుతది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తది, దాన్ని పలుచన చెయ్యొద్దు అనే అర్థంల ఆ తీర్పు ముగుస్తది.

ఆ తీర్పుల మీకు అన్నిటికన్న ఎక్కువ అక్కరకొచ్చేది ఇంకో ముక్క ఉన్నది. కేరళ సర్కారు చూపించింది విద్యాశాఖ సర్క్యులర్లే, చట్టం కాదు. రాజ్యాంగం ఆర్టికల్ 19 కింద మనిషికున్న భావ స్వేచ్ఛను తగ్గియ్యాలంటే చట్టం ఉండాలె, ఆఫీసు సర్క్యులర్ సాలదు అని కోర్టు కొట్టేసింది. మీ అసోసియేషన్ నోటీసు నేను చూడలే గని, అండ్ల ఏ రూల్ నంబర్ కింద బ్యాన్ అని రాసిన్రో మొదలు అది చూడు, నంబరే లేకుంటే జవాబుల ఫస్ట్ పాయింట్ అదే.

ఇగ కెప్టెన్ పిల్ల సంగతి, ఇక్కడ నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, ఆమె మీ చెల్లె అంత భద్రంగ లేదు. గీతం వచ్చినప్పుడు లేచి నిలబడాలె అని కేంద్ర హోంశాఖ ఉత్తర్వులల్ల ఉన్నది, ఆర్టికల్ 51ఏ కింద గీతాన్ని గౌరవించుడు పౌరుని విధి అని కూడ ఉన్నది. అయితే విధి తప్పితే జైలు అని ఆ ఆర్టికల్ అనది, ఉత్తర్వులల్ల శిక్ష లేదు. 2021ల జమ్మూ కశ్మీర్ హైకోర్టు ఒక లెక్చరర్ కేసుల ఇదే చెప్పింది, లేవకపోవుడు అగౌరవం అయితే కావచ్చు, విధి తప్పినట్టు కావచ్చు, గని సెక్షన్ 3 కింద నేరం కాదు అని ఎఫ్ఐఆర్ కొట్టేసింది. అది మన తెలంగాణ కోర్టుల మీద కట్టుబాటు కాదు, అయినా మంచి బలమే. సినిమా హాళ్ల సంగతి నీకు యాదికి ఉండొచ్చు, 2016 నవంబర్ 30న అన్ని హాళ్లల్ల గీతం పెట్టాలె, అందరు లేవాలె అని సుప్రీంకోర్టు అన్నది, 2018 జనవరి 9న హాళ్లల్ల పెట్టుడు తప్పనిసరి కాదని మార్చింది. ఆ నడుమల, దానికి ముందుగాల గూడ, జనం ఎట్ల తయారైన్రంటే 2016ల గోవాల వీల్‌చైర్ల తిరిగే ఒక మనిషిని సినిమా హాల్ల లేవలేదని ఎనకనుంచి కొట్టిన్రు, ఆయన లేవలేడని కొట్టినోళ్లకు తెల్వదు. ఇది చదివిన కాడికెళ్లి వీడియో చూసి తీర్పు చెప్పేటోళ్లను చూస్తే నాకు భయమైతది.

అమెరికా వీడియో అన్నవు కద, దానికి మన దానికి ఫరక్ ఉన్నది. 2016ల కాలిన్ కేపర్నిక్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు నల్లజాతి వాళ్ల మీద పోలీసుల జులుం ఆపాలని ముందు గీతంల కూసున్నడు. తర్వాత ఒక మాజీ సైనికుడు మాట్లాడి కూసునే బదులు మోకాలి మీద ఉంటే మర్యాదగ ఉంటది అంటే గట్ల చేసిండు. మోకాలి మీద కూసునుడు ఆడ అవమానంగ మొదలు కాలే, కెప్టెన్ తరఫున జవాబు రాసేటోళ్లు ఈ ముచ్చట రాయొచ్చు. ఆయన మీద కేసు కాలే, జైలు కాలే, గని 2017 తర్వాత ఏ టీమూ తీసుకోలే. ఎందుకంటే ఆడి రాజ్యాంగం భావ స్వేచ్ఛకు అడ్డం పడొద్దని సర్కారుకు చెప్తది, టీం ఓనర్లు ప్రైవేటోళ్లు. మీకు ఆ ఇబ్బంది కొంత తక్కువ. ఆట సంఘం ప్రైవేటు సొసైటీ అయినా పబ్లిక్ పని చేస్తున్నది కాబట్టి ఆర్టికల్ 226 కింద హైకోర్టుల రిట్ ఎయ్యొచ్చు, క్రికెట్ బోర్డు కేసులల్ల సుప్రీంకోర్టు ఈ దారి ఒప్పుకున్నది.

మీ చెల్లెకు ఇంకో మనిషి గురించి చెప్పు. 1968 మెక్సికో ఒలింపిక్స్ 200 మీటర్ల పోడియం మీద టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్లజాతి వాళ్ల హక్కుల కోసం నల్ల గ్లౌజు పిడికిలి ఎత్తిన ఫోటో అందరికి తెలుసు. రెండో ప్లేసుల నిలబడ్డ పీటర్ నార్మన్, ఆస్ట్రేలియా తెల్లాయన, చెయ్యి ఎత్తలే, వాళ్లకు మద్దతుగ ఛాతి మీద చిన్న బ్యాడ్జి పెట్టుకొని గమ్మున నిలబడ్డడు, అంతే. 1972 ఒలింపిక్స్‌కు పోలేకపోయిండు. 2006ల సచ్చిపోతే స్మిత్, కార్లోస్ వచ్చి పాడె మోసిన్రు, 2012ల ఆ దేశ పార్లమెంటు క్షమాపణ అడిగింది. మీ చెల్లె రిబ్బన్ కట్టుకొని నిలబడ్డదంటే నాకు ఆయనే యాదికొచ్చిండు.

ఇగ ఇప్పుడు ఏం చెయ్యాలె. 7 రోజుల గడువు దాటనియ్యకు, అన్నిటికన్న ముందు ఇది. జవాబుల క్షమించున్రి అని రాయకు, రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు అయితది. గీతం అంటే గౌరవం ఉన్నది, నిలబడ్డ, ఎవ్వరిని ఆపలే, నల్ల రిబ్బన్ బాత్రూంకు తలుపు లేదని కట్టుకున్న, నా మాట వినకుండ బ్యాన్ ఎయ్యొద్దు, నన్ను పిలిచి అడగున్రి అని రాయి. కొరియర్ తోటి కాదు, పోస్టాఫీసు స్పీడ్ పోస్టుల పంపి రసీదు దాచిపెట్టు. పూర్తి వీడియో సంపాదించు, వాట్సాప్‌ల తిరిగేది కట్ చేసిన ముక్క అయి ఉంటది, గీతం మొత్తం 52 సెకండ్లు పిల్లలు ఎట్లున్నరో ఆ ముక్కల కనవడది.

పోలీసులు పిలిస్తే పో, దాక్కోవద్దు. 3 ఏండ్ల నుంచి 7 ఏండ్ల లోపు శిక్ష ఉన్న నేరం మీద దరఖాస్తు వస్తే ఎఫ్ఐఆర్‌కు ముందే డీఎస్పీ పర్మిషన్ తోటి 14 రోజుల్ల ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు అని పాత సీఆర్పీసీ జాగల వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173ల ఉన్నది, అది అడుగున్రి. భావ స్వేచ్ఛ కేసులల్ల అట్ల చేసుడే మంచిదని 2025 మార్చిల సుప్రీంకోర్టు గూడ అన్నది. ఎఫ్ఐఆర్ అయినా ఎంబడే అరెస్ట్ అని కాదు, అదే చట్టం సెక్షన్ 35 నోటీస్ ఇచ్చి పిలుస్తరు. అయినా భయముంటే ముందస్తు బెయిల్ సెక్షన్ 482 కింద, ఎఫ్ఐఆర్ కొట్టేసే పిటిషన్ సెక్షన్ 528 కింద హైకోర్టుల. టీంల 18 నిండని పిల్లలు ఉన్నరేమో చూడున్రి, ఉంటే వాళ్ల సంగతి జువెనైల్ బోర్డుది, వాళ్ల పేరు ఫోటో మీడియాల పెట్టుడు జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరం, ఆ గ్రూపు అడ్మిన్లకు ఇది చెప్పున్రి. చంపుతం, ఎత్తుకపోతం అని మెసేజ్ పెట్టినోళ్లవి స్క్రీన్‌షాట్లు తీసి షీ టీమ్స్‌కు ఇయ్యి, డిలీట్ చెయ్యకు.

నౌకరి గురించి, ఎవరో ఠాణాల దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన పోదు. కేసు అయితే మాత్రం నౌకరిల చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంల దాయొద్దు. కేసు కన్న దాసిపెట్టుడే నౌకరి పోయేకాడికి తెస్తది, 2016ల అవతార్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు దీని మీద వివరంగ చెప్పింది.

మన జమ్మికుంటల 2017 ఆగస్టు 15 నుంచి పొద్దుగాల మైకుల జనగణమన వస్తది, బండి మీద పోయేటోడు గూడ ఆపి దిగి నిలబడ్తడు. నేను కూడ నిలబడ్డ, మంచిగనిపించింది. గని అట్ల నిలబడ్డ జనంల ఎవని పెదవులు కదిలినయో ఎవరూ చూడరు, చూడొద్దు గూడ.

ఒక్కటి మర్చిపోకు. అందరు గీతం గురించి మాట్లాడుతున్నరు, బాత్రూం తలుపు గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు. పిల్లలు అయిదుగురు సంతకం పెట్టి ఆ మూడు రోజుల సంగతి తేదీలతోటి రాసి అసోసియేషన్‌కు ఒకటి, జిల్లా క్రీడాధికారికి ఒకటి ఇయ్యున్రి, కాపీ మీద స్టాంపు ఏపిచ్చుకోవాలె. నోటీసు, రిబ్బన్, పూర్తి వీడియో, ఈ స్టాంపు కాపీ పట్టుకొని మీ నాయినను గూడ తీసుకొని రా, ఫీజు సంగతి తర్వాత చూద్దాం.