నీ రాతల్లో నీ చోటు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. "ఎంతసేపూ నా సంగతులే రాసుకుంటున్నాను మాస్టారూ, ఇది అహంకారమేమో, ఆపేద్దామనిపిస్తోంది" అన్నావు. ఆపొద్దు. "నేను చూసింది నలుగురూ చదవాలి" అన్న పట్టుదల లేకపోతే, పగలంతా ఆఫీసులో అలిసిపోయి వచ్చి రాత్రి పదకొండింటికి ఎవరూ రాయడానికి కూర్చోరు. ఆ మాత్రం అహం ఉండాలి. అసలు పేచీ అది ఎక్కడ తలదూరుస్తుందన్న దగ్గరే.

తిరుపతి వెంకట కవుల మీసాల పద్యం క్లాసులో చెప్పుకున్నాం కదా. దోషమని తెలిసే మీసాలు పెంచామనీ, సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమనీ, ఎవరైనా గెలిస్తే ఈ మీసాలు తీసేసి మొక్కుతామనీ సవాలు విసిరారు. అంత గొప్పలు చెప్పుకున్నా తెలుగువాళ్లు ఆ పద్యాన్ని ఇష్టంగానే చదువుకుంటారు. దాని వెనక శతావధానాలున్నాయి. ప్రశ్నలు వేసే వందమంది పృచ్ఛకుల ముందు తడబడితే అక్కడికక్కడే పరువు పోయే విద్య అది. పైగా ఓడితే ఏం చేస్తారో కూడా వాళ్లే చెప్పారు. తనను తాను పందెం ఒడ్డిన అహాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఏమీ ఒడ్డకుండా మెప్పు మాత్రం కోరే అహమే చదివేవాడికి చిరాకు.

ఇప్పుడు నీ అమ్మమ్మ వ్యాసానికి వద్దాం. "అమ్మమ్మ మనసు ఇంట్లో నాకొక్కదానికే అర్థమైంది" అని రాశావు. ఆ వాక్యం కొట్టేయమ్మా. రెండు పేరాల కింద ఏం రాశావో చూడు. ఆవిడ మాత్రలు మింగకుండా దిండు గలీబులో దాచుకోవడం, నువ్వు పక్క దులిపితే అవి నేల మీద దొర్లడం, ఆవిడ నీ చెయ్యి పట్టుకుని "మీ మామయ్యకు చెప్పకే" అనడం. ఆవిడ నిన్ను ఎంత నమ్మిందో నాకు అక్కడే తెలిసిపోయింది. ఇంక నువ్వు చెప్పుకోవాల్సిన అవసరం లేదు. ఇంకో మాట. రాత్రుళ్లు మేలుకుని ఆవిడకు సేవ చేసిన మీ అత్తయ్య గురించి ఒక్క వాక్యమే ఉంది. మనల్ని మనం మంచివాళ్లుగా చూపించుకునే తొందరలో ఇలాంటి వాళ్లే ముందుగా మాయమైపోతారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఉద్యోగి. 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడుగునా స్నేహితుడికి రాసిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. గొప్పలు చెప్పుకోదలిస్తే ఆయన దగ్గర కావలసినంత సరుకుంది. ఆయన మాత్రం ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ముందు దారి ఎలాంటిది అని రాసుకుంటూ పోయాడు. సొంత అభిప్రాయాలు దాచుకోలేదు, నిస్సంకోచంగా చెప్పాడు. అందుకే ఆ రోజుల్లో ఊళ్లు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే నేటికీ ఆ పుస్తకమే తీస్తాం.

నీ ముందుమాటలో "అల్పురాలిని, తప్పులుంటే మన్నించండి" అన్నది కూడా తీసెయ్యి. "అయ్యో, అలా అనకండి" అనిపించుకోవాలని చూడటం కూడా అహమే, కాకపోతే తల వంచుకుని వస్తుంది. తప్పులుంటే దిద్దుకుని పంపు.

రాసింది వెంటనే ఎవరికీ ఇవ్వకు. వారం పోయాక ఆ సంఘటనలో నీతోపాటు ఉన్న మనిషికి చదివి వినిపించు. ఎక్కడ వాళ్లు కళ్లు తిప్పుకుంటారో అక్కడ నువ్వు కాస్త ఎక్కువ పోయావని అర్థం. కొన్ని చోట్ల నీదే నిజం కావచ్చు, అప్పుడు మార్చనక్కర్లేదు. కానీ విని తీరాలి.

ఈ అమ్మమ్మ వ్యాసం ముందు మీ అత్తయ్యకు చదివి వినిపించు. ఆవిడకు గుర్తున్నవి అడిగి, నీకు గుర్తున్న వాటితో కలవకపోయినా సరే, అవీ చేర్చి పంపు. ఆ మాత్రల పేరా మాత్రం ముట్టుకోకు.

మీ మాస్టారు