బర్మింగ్‌హామ్ గురుద్వారాలో ఆనంద్ కారజ్ జరిగితే రిజిస్ట్రేషన్ అవసరమా?

మీ అమ్మాయికి బర్మింగ్‌హామ్‌లోని సిక్కు అబ్బాయితో పెళ్లి కుదిరిందని, ఆనంద్ కారజ్ (గురుద్వారాలో చేసే సిక్కుల పెళ్లి తంతు) ఒక్కటే సరిపోతుందా అని అడిగారు. సరిపోకపోవచ్చండీ. ఇంగ్లండులో ఆ గురుద్వారా పెళ్లిళ్లకు రిజిస్టరై ఉండాలి. లేకపోతే చట్టం దృష్టిలో అది పెళ్లే కాదు. రేపు విడిపోతే భార్యగా ఆస్తి హక్కులు అడగడం చాలా కష్టం. అందుకే ముందు రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి, తర్వాత గురుద్వారా అన్న వరుసే నా సలహా.

ఇద్దరూ తమ జిల్లాలో కనీసం 7 రోజులు ఉన్నాక స్వయంగా రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లి, పెళ్లి చేసుకోబోతున్నామని నోటీసు ఇవ్వాలి. ఆపై 28 రోజులు ఆగాలి. వీసా మీద ఉన్నవాళ్ల విషయంలో అది 70 వరకూ సాగొచ్చు. హాలు, బంధువుల విమాన టికెట్లు బుక్ చేసుకోవడం ఆ తర్వాతే. అమ్మాయి ఇండియా నుంచి వెళ్తుంటే ఫియాన్సే వీసా (అక్కడ పెళ్లి చేసుకుని ఉండిపోయేవాళ్లకు ఇచ్చేది) తీసుకోండి. మ్యారేజ్ విజిటర్ వీసాతో వెళ్తే పెళ్లి చేసుకోవచ్చు గానీ అక్కడే స్పౌజ్ వీసాకు మారనివ్వరు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అమ్మాయి సిక్కు కాదు కాబట్టి గురుద్వారా కమిటీని ఇప్పుడే అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు. సిక్కు రెహత్ మర్యాద (సిక్కుల ఆచార నియమావళి) ముహూర్తాలను అంగీకరించదు, లావాలు (గురుగ్రంథం చుట్టూ చేసే ప్రదక్షిణలు) నాలుగూ సాధారణంగా మధ్యాహ్నం లోపే ముగుస్తాయి. జీలకర్రబెల్లం మీ ముహూర్తానికి వేరేచోట పెట్టుకోండి.