రొట్టెల కుర్రవాడికి ముందే ఎలా తెలుసు?

చిరంజీవి మేనకోడలికి,

ప్రభువు నామమున శుభాలు. నువ్వు పంపిన అయిదు రొట్టెల కథ రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ నీ కుర్రవాడు మూట విప్పకముందే ‘వీటితో యేసయ్య అయిదు వేలమందికి పెడతాడు’ అనుకుంటాడు. వాడికెలా తెలుసమ్మా? యోహాను సువార్త ఆరో అధ్యాయం చదివింది నువ్వు, వాడు కాదు. వాడి సంగతి చెప్పిన శిష్యుడు అంద్రెయకే నమ్మకం లేదు, ఇంతమందికి ఇవి ఏ మూలకని పెదవి విరిచాడు.

కథ రాసేటప్పుడు తర్వాత జరగబోయేది నువ్వు మరిచిపోవాలి. గుంపులో పిల్లవాడికి కనిపించేవి పెద్దవాళ్ళ వీపులు, మడమలు. నువ్వు ఎర్రటి ఎండ, దుమ్ము అని రాశావు. అవి యూదుల పస్కా పండుగ దగ్గరపడిన రోజులు, గలిలయలో వసంతం. అక్కడ చాలా గడ్డి ఉందని యోహాను, జనాన్ని పచ్చికమీద కూర్చోబెట్టారని మార్కు రాశారు. దుమ్ము తీసేసి వాడిని గడ్డిలో దొర్లనివ్వు.

రొట్టెలు యవలవి. సొలొమోను రాజు గుర్రాలకు వేసింది కూడా యవలే, అంటే అది పేదింటి తిండి. చేపలు చిన్నవి, రొట్టెలో నంజుకునేవి. మన ఎండుచేప ముక్కలాంటివి అనుకో. ఒక వేసవి బడిలో ఈ కథ చెబుతుంటే ముందు వరుసలోని బుడతడు, “అయిదు రొట్టెలూ వాడొక్కడివేనా టీచర్?” అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. అమ్మకమా? ఇంట్లో చెల్లెళ్ళకా? బైబిలు చెప్పలేదు. అక్కడ నువ్వు కల్పించుకోవచ్చు.

వాడికి పేరు పెట్టు, అమ్మను పెట్టు, అభ్యంతరం లేదు. యేసయ్య నోట మాత్రం లేని మాట పెట్టకు. నేను ఇందులో మొండిదాన్ని. ఆయన మాట కావాలంటే ఉన్నదే తీసుకో. చనిపోయిన యాయీరు కూతురిని లేపుతూ అన్న ‘తలీతాకుమీ’, అంటే ‘చిన్నదానా, లే’, పిల్లల నోట ఎంత బాగా పలుకుతుందో! ఆ పన్నెండేళ్ళ పిల్ల లేవగానే తినడానికేమైనా పెట్టమన్నాడు కదా, ఆ మాట చాలామంది వదిలేస్తారు. పిల్లలకు ముందు గుర్తుండేది అదే.

మిగిలిన కథంతా ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. ‘పలికెను, వచ్చెను’ అంటూ ఏ పిల్లవాడూ తన సంగతి చెప్పుకోడు. చివర ‘కాబట్టి పిల్లలూ’ అనే పేరా కొట్టేశాను, కోప్పడకు.

ఈసారి రోదే అనే పనిపిల్ల కథ రాయి. అపొస్తలుల కార్యములు, 12వ అధ్యాయం. చెరలో ఉన్న పేతురు కోసం లోపల అందరూ ప్రార్థన చేస్తున్నారు. రాత్రివేళ ఎవరో తలుపు తట్టారు. ఈ పిల్ల వెళ్ళి అది పేతురు గొంతని గుర్తుపట్టి, సంతోషం పట్టలేక తలుపు తీయకుండానే లోపలికి పరుగెత్తింది. పెద్దవాళ్ళు పిచ్చిదానివన్నారు. కాదు, ఆయనేనని ఆ పిల్ల గట్టిగా చెప్పింది. ఆ విడుదల కోసమే ప్రార్థిస్తున్నవాళ్ళు నమ్మలేదు చూడు! అవి పులియని రొట్టెల పండుగ రోజులు కాబట్టి వంటింట్లో పొంగిన రొట్టె పెట్టకు. బయట పేతురు ఇంకా తడుతూనే ఉంటాడు. ఆ చప్పుడు ఆ పిల్ల చెవిలోంచి పోకూడదు.

రెండు పేజీలు చాలు. వేసవి బడి మొదలయ్యేలోగా పంపు, ముందు ఆ బుడతడికి చదివి వినిపిస్తాను.

ప్రేమతో,
మీ అత్తయ్య