షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండుకి ఏ ఆయింట్‌మెంట్ మంచిది?

విజయవాడ నుంచి ఒకాయన అడిగారు. వాళ్ళ నాన్నగారికి షుగరు. అరికాల్లో పుండు లేచి మూడు నెలలైందట. రోజూ కట్టు మారుస్తున్నారట. మూడు రకాల ఆయింట్‌మెంట్లు అయిపోయాయి, నాలుగోది ఏది వాడమంటారు అని ప్రశ్న. నేను గుంటూరులో సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు ఇళ్ళకెళ్ళి డ్రెస్సింగులు చేస్తున్నాను. నాలుగోదాని పేరు నన్నడక్కండి. పుండు ఎవరైనా కొలిచారా? మీ నాన్నగారు ఏ చెప్పులేసుకుంటున్నారు? ముందు ఈ రెండూ చెప్పండి.

కట్టు కట్టేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, పుండు చూసేవాళ్ళే లేరు. ఇది నా పాత గోల.

మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టు గుమస్తా గారు, అరవై దాటిన మనిషి. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు పుండు. అప్పటికే ఓ నర్సింగ్ హోమ్‌లో రోజూ కట్టు మార్పించుకుంటున్నారు. రోజూ ఆటోలో తిప్పలేక వాళ్ళ కోడలు నన్ను పిలిపించింది. ఫైలు తిరగేస్తే ప్రతి తేదీ పక్కనా ఒకటే మాట, ‘డ్రెస్సింగ్ డన్’. పొడవెంత, వెడల్పెంత, లోతెంత, కారేది రసా చీమా, వాసనుందా, అంచులెలా ఉన్నాయి, చుట్టూ చర్మం ఏ రంగులో ఉంది, ఒక్క ముక్క లేదు. ఇక నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిందో పెరిగిందో ఏం చూసి చెప్తారు?

కట్టు విప్పబోతే గాజ్ గుడ్డ పుండుకి అంటుకుపోయి ఉంది. నార్మల్ సెలైన్‌తో తడిపి కాసేపు ఆగాను. ఎండిన గుడ్డని పీకితే కొత్తగా పుట్టిన కండ కూడా ఊడొస్తుంది. ఆయనేమో “లాగెయ్ సిస్టరమ్మా, నాకేం నొప్పి లేదులే” అని నవ్వుతున్నారు. నా గుండెల్లో రాయి పడింది. అంత పుండు పెట్టుకుని నొప్పి లేదంటున్నారంటే ఆ పాదానికి స్పర్శ పోయినట్టే.

పైకి చూస్తే రూపాయి బిళ్ళంత కూడా లేదు. అడుగున ఎర్రగానే ఉంది, చూసి సంతోషపడేవాళ్ళు పడతారు. చుట్టూ మాత్రం ఆనె గట్టిపడి, పచ్చగా గట్టు కట్టింది. స్టెరైల్ ప్రోబుతో, అంటే మొద్దు మొన ఉన్న సన్నటి లోహపు పుల్లతో, అంచు కింద తడిమితే ఆనె కిందకి జారిపోతోంది. పైకి కనిపించేది 1.5 సెం.మీ., లోపలి ఖాళీ దానికి రెట్టింపు. చివర్లో ప్రోబు ఠక్కున గట్టిగా తగిలింది. ఎముక! అలా తగిలిందంటే ఎముకలోకి ఇన్ఫెక్షన్ పాకిందేమో చూడాలి, ఎక్స్‌రే తీయించాలి, అది సర్జన్ పని. పాదం మీదా, చీలమండ లోపలి వైపూ నాడి చూశాను, రెండు చోట్లా బాగానే కొట్టుకుంటోంది. రక్తం ఆడుతోంది, అదొక్కటే ఆ రోజు మంచి కబురు.

చెప్పులు తెమ్మన్నాను. “పుండుకి మందేస్తారు గానీ చెప్పులెందుకండీ?” అంది కోడలు. తెచ్చింది. పాత హవాయి చెప్పులు. కుడి చెప్పులో సరిగ్గా పుండు ఆనే చోట రబ్బరు అరిగిపోయి, అందులో కంకర రాయి ఒకటి దిగబడి మొన పైకి తేలి ఉంది.

“ఇదెప్పటి నుంచండీ బాబాయ్ గారూ?”

“ఏమోనమ్మా, సీజను మొదట్లో నడుస్తుంటే ఏదో కిర్రుకిర్రుమనేది.”

సీజనంతా మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య ఆ రాయి మీదే తిరిగారు! పైన మాత్రం రోజుకో కట్టు.

ఎక్స్‌రేలో ఎముకకి పాకిందని తేలింది. సర్జన్ ఆనె చెక్కేసి, పుండు శుభ్రం చేసి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఆ చోట బరువు పడకుండా ఎం.సి.ఆర్. చెప్పులు, అంటే మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరువి, చేయించారు. వారానికోసారి శుభ్రమైన పారదర్శక షీటు మీద పుండు అంచు గీసి తేదీ వేసేదాన్ని. గీత లోపలికి జరుగుతూ వచ్చింది, వేలు దక్కింది. ఆయింట్‌మెంట్ మాత్రం మార్చలేదు, ముందు నుంచీ వాడుతున్నదే.

ఇక పథ్యం సంగతి. ఆ ఇంట్లో ఆయనకి పప్పు మానిపించేశారు, పప్పు తింటే చీము పడుతుందని! గుడ్డు వేడి, చేప వద్దు. మరి కండ దేంతో పట్టాలండీ, చారు నీళ్ళతోనా? కిడ్నీ సమస్య ఉంటే ఎంత తినాలో డాక్టర్‌ని అడగండి, లేకపోతే పప్పూ గుడ్డూ రెండూ పెట్టండి. షుగరు అదుపులో లేకుండా పుండు మానడం కష్టమని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

‘గాలి తగిలితే ఆరుతుంది’ అనేవాళ్ళు మరో రకం. 1962లోనే జార్జ్ వింటర్ పందుల మీద చూపించాడు, పల్చటి పాలిథిన్ పొర కప్పిన గాయం మీద చర్మం గాలికి వదిలేసినదానికంటే రెండు రెట్లు తొందరగా వచ్చిందని. అరవై ఏళ్ళు దాటినా మన వీధుల్లో గాయానికి ఎండ చూపిస్తూనే ఉన్నారు. పైన కాఫీ పొడి, పసుపు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస పొంగుతుంది కదా, అది చూస్తే అందరికీ తృప్తి. రోజూ పోస్తే మాత్రం కొత్త కణాలు కూడా చస్తాయి. పుండు కడగడానికి సెలైన్ చాలు.

మీది విజయవాడ కాబట్టి ఇంకోటి. భవానీ దీక్ష అని షుగరు ఉన్నవాళ్ళు కూడా తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడుస్తారు. స్పర్శ లేని పాదానికి కాలిన సంగతే తెలియదు, బొబ్బ లేచాక ఇంట్లోవాళ్ళు చూస్తారు. అమ్మవారు చెప్పులేసుకుంటే కోప్పడుతుందా? ఈ మాటంటే నామీద కోప్పడేవాళ్ళున్నారు, పడనీండి.

మీ నాన్నగారి కాలికొస్తే, 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (పాదానికి ఆనించి చూసే నైలాన్ పోగు) స్పర్శ, కాలి నాడి చూడమనండి. నాడి అందకపోతే ముందు రక్తప్రసరణ పరీక్షలు, తర్వాతే ఏదైనా కోయడం. పుండు చుట్టూ ఎరుపు 2 సెం.మీ. దాటి పాకినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా, వేలు నల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సరైన చికిత్స మొదలుపెట్టాక 4 వారాలకి పుండు వైశాల్యం సగానికి తగ్గాలి. తగ్గకపోతే చికిత్స మార్చాలి. మీకు మూడు నెలలైంది. ఇప్పుడు వెళ్ళాల్సింది మందుల షాపుకి కాదు, సర్జన్ దగ్గరికి. కొలతలు రాసిమ్మని అక్కడ గట్టిగా అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి. నాకు ఫొటో పంపేవాళ్ళు పక్కన స్కేలు పెట్టి తీయండి, చెప్పుల అడుగు ఫొటో కూడా పంపండి.